పెయింట్ వేయించినా గోడ మీద నల్ల బూజు మళ్లీ ఎందుకొస్తోంది?

నమస్తే అండి అందరికీ. విజయవాడ సింగ్ నగర్ నుంచి ఒక అక్క అడిగారు, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు వరద నీళ్లు ఇంట్లోకొచ్చినప్పటి నుంచి కప్‌బోర్డ్ వెనక గోడ నల్లబడుతోంది, పెయింట్ వేయించినా మళ్లీ వస్తోంది, బాబుకి తుమ్ములు తగ్గట్లేదు అని. అక్కా, పెయింట్ కంపెనీ మారిస్తే పోయేది కాదండి ఇది, పెయింట్ కింద ఏముందో చూడాలి.

బూజు స్పోర్లు, అంటే కంటికి కనపడని దాని విత్తనాల్లాంటివి, గాల్లో ఎప్పుడూ ఉంటాయి, వాటికి కావాల్సింది తడి, తిండి. రెండూ దొరికితే 24 నుంచి 48 గంటల్లో మొదలైపోతుంది. ఇటుక, సిమెంట్ వాటికి తిండి కాదు గానీ నీళ్లు పీల్చి పట్టుకుంటాయి. మరి తిండి ఎక్కడిదంటే మనం ముచ్చటపడి పెట్టించుకునేవే, ఫాల్స్ సీలింగ్ జిప్సం బోర్డుకి అంటించిన కాగితం, వాల్‌పేపర్, దాని బంక, ప్లైవుడ్, చెక్క పొడి, ముక్కలు జిగురుతో అదిమి చేసే ఎండీఎఫ్, పార్టికల్ బోర్డ్. మీ కప్‌బోర్డ్ అడుగు పలక అంచు గోరుతో గీకండి, ఉబ్బి పొట్టులా రాలుతుంటే అది ఇక ఆరబెట్టి వాడేది కాదు, తీసేయాల్సిందే. ఖర్చు సంగతి తెలుసండి, బాధగానే ఉంటుంది, కానీ ఆ బోర్డుల జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన వాయువు కూడా వస్తుంది, వేడీ తేమా పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువొస్తుంది, మన బెజవాడ ఉక్కపోతలో ఆ గాలే పిల్లలు పీలుస్తారు.

వన్‌టౌన్ పాత ఇళ్లల్లో సున్నం వేసేవాళ్లు కదా, సున్నం ఘాటుకి బూజు అంత తేలిగ్గా పట్టదు, పైగా లోపలి చెమ్మ బయటికి పోతుంది. ఇప్పుడు తడి గోడ మీదే పుట్టీ, ప్లాస్టిక్ పెయింట్ కొట్టేస్తున్నారు, చెమ్మ లోపలే ఇరుక్కుని పెచ్చులు లేస్తాయి.

అందుకే ముందు ఒక అడుగు పాలిథిన్ ముక్క గోడకి నాలుగు వైపులా టేప్ వేసి రెండ్రోజులు వదిలేయండి. గోడ వైపు చుక్కలు పడితే గోడ ఇంకా ఆరలేదు, మేస్త్రీ ఎంత తొందరపెట్టినా పుట్టీ వేయనివ్వొద్దు. బ్లీచింగ్ నీళ్లు కొడితే పైన నలుపు పోతుంది గానీ పుట్టీ లోపల బూజు అలాగే ఉంటుంది, ఆ పుట్టీ గీకి తీసేయాలి. పొడిగా గీకితే స్పోర్లు ఇల్లంతా లేస్తాయి, తడిపి గీకండి, మాస్క్ పెట్టుకోండి, బాబుని ఆ పూట పక్కింట్లో ఉంచండి. తుమ్ములకి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు గోడ సంగతి కూడా చెప్పండి అక్కా, ఫొటో ఉంటే చూపించండి.