కళింగపట్నంలో దిగాలంటే ముందు మొగను అడగాలి

హాయ్ అండి. అమెరికా నుంచి సంక్రాంతికి వచ్చి, తెప్ప మీద కళింగపట్నం వెళ్లాలనుకునేవారి కోసం ఈ మాటలు. ఎదురుగా కనిపిస్తున్నది కళింగపట్నం లైట్‌హౌస్. భావనపాడు వైపు నుంచి తీరం వెంబడి వస్తే సుమారు 35 కిలోమీటర్లు. 9.9 హార్స్‌పవర్ మోటారున్న ఫైబర్ తెప్పకి దాదాపు మూడు గంటల దారి. లైట్‌హౌస్ కనబడింది కదా, ఇంక తాడు కట్టేసి దిగిపోదాం అనుకునే అలవాటు అమెరికా మెరీనాల్లో, అంటే పడవలు కట్టేసే రేవుల్లో, వచ్చింది. ఇక్కడ ఒకవైపు ఒడ్డున విరిగే కెరటాలు, ఇంకోవైపు వంశధార మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు. ప్రయాణికులతో దిగడానికి మొగలోంచి ఏటిలోకి వెళ్లడమే మేలు.

మొగకి అడ్డంగా ఇసుక మేట ఉంటుంది. అది ఒకచోట ఉండదు, వరద వచ్చినప్పుడల్లా జరుగుతుంది. పోయిన సంక్రాంతికి ఫోనులో గుర్తుపెట్టుకున్న జీపీఎస్ దారి ఈ సంక్రాంతికి పనికిరాదు. ఆటు సమయంలో ఏటినీరు బయటకి తోస్తుంటే సముద్రం లోపలికి తోస్తుంది, రెండూ గుద్దుకుని కెరటం నిటారుగా లేస్తుంది. అందుకే నీరు ఇంకా ఎక్కుతుండగానే లోపలికి వెళ్లాలి. తెప్ప నడిపే సరంగు మోటారు తగ్గించి, మొగ బయట పది నిమిషాలు ఊరికే చూస్తూ నిలబడితే విసుక్కోకండి. కెరటాలు వరసగా వచ్చి, మధ్యలో కాసేపు తగ్గుతాయి. ఆ సందు కోసమే చూస్తున్నాడు. "ఇంకాసేపాగుదాం బాబూ" అన్నాడంటే ఆగడమే. వీడియో కోసం తొందరపెట్టొద్దు.

ఇప్పుడు లెక్క చూద్దాం. పోటుకీ పోటుకీ మధ్య 12 గంటల 25 నిమిషాలు, రోజురోజుకీ 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఉదయం 11 ప్రాంతంలో నిండు పోటు ఉండే రోజు ఎంచుకుంటే 6కి బయల్దేరి 9కి మొగ దాటొచ్చు, ఒంటిగంటకి మళ్లీ బయటపడొచ్చు. అంటే నేల మీద నాలుగు గంటలు, అంతే. అదే పొద్దున్న 7కి పోటు ఉన్న రోజు వెళ్లారనుకోండి, ఒంటిగంటకి మొగలో నీరు అడుగంటి ఉంటుంది, తర్వాతి పోటు వచ్చేసరికి చీకటి. సంక్రాంతి రోజుల్లో ఇక్కడ అయిదున్నర దాటితే సూర్యుడుండడు. పైగా తిరుగు ప్రయాణం ఈశాన్యానికి, మధ్యాహ్నం ఎదురుగాలి. వచ్చేటప్పుడు మూడు గంటలైతే పోయేటప్పుడు నాలుగు వేసుకోండి.

పెట్రోలుకి కూడా అదే మాట. ఈ సైజు టూ స్ట్రోక్ మోటారు గట్టిగా నడిపితే గంటకి నాలుగైదు లీటర్లు తాగుతుంది. పోను ఒక వంతు, రాను ఒక వంతు, చేతిలో ఒక వంతు. లీటరు పెట్రోలులో 20 మిల్లీలీటర్ల ఆయిల్ కలపడం అనేది మామూలు లెక్క, అయినా మోటారు పుస్తకం చూసి కలపండి.

ఏటిలోకి వచ్చాక లంగరు. నీటి లోతుకి అయిదు నుంచి ఏడు రెట్లు తాడు వదలాలి. మూడు మీటర్ల లోతైతే 15 నుంచి 21 మీటర్లు. తాడు పొట్టిగా ఉంటే లంగరు ఇసుకని పట్టుకోదు, పైకి లేచి దొర్లుతుంది. పౌర్ణమి, అమావాస్యల దగ్గర నీరు మీటరున్నర దాకా దిగుతుంది కాబట్టి ఒడ్డుకి మరీ ఆనించి నిలిపితే తిరిగొచ్చేసరికి తెప్ప ఇసుక మీద కూర్చుని ఉంటుంది. నలుగురు నెట్టినా కదలదు. ఒక మనిషి ఎప్పుడూ తెప్ప దగ్గరే ఉండాలి.

నాలుగు గంటల్లో అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం అన్నీ చుట్టేద్దామనే ఉబలాటం వద్దు. శాలిహుండం ఒక్కటి చాలు. ఆటోలో సుమారు 10 కిలోమీటర్లు, వంశధారకి ఇదే గట్టు. గిడుగు రామమూర్తి గారు 1919లో గుర్తించిన బౌద్ధ క్షేత్రం ఇది. వ్యావహారిక భాష కోసం పోరాడిన ఆయనే. కొండ మీద ఇటుక స్తూపాలు, విహారాల పునాదులు. కింద ఏరు వంపు తిరిగి సముద్రం వైపు పోవడం కనిపిస్తుంది. పొద్దున్న మనం దాటొచ్చిన దారే. నీడ తక్కువ, మనిషికో లీటరు నీళ్లు పట్టుకెళ్లండి. కాలం జనవరి కాబట్టి దారిలో తేగలు దొరికితే వదలొద్దు. మొగ దగ్గర మాత్రం స్నానాలకి దిగొద్దు, లాగేస్తుంది.

సామానులో రెండు వస్తువులు అక్కడే, అమెరికా ఇంట్లోనే వదిలి రండి. ఒకటి గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి, శాటిలైట్ ద్వారా సందేశాలు పంపే పరికరం. అనుమతి లేకుండా ఇండియాలో వాడకూడదు, ఎయిర్‌పోర్టులోనే పట్టుకుంటారు. రెండోది డ్రోన్, 2022 ఫిబ్రవరి నుంచి బయటి డ్రోన్ల దిగుమతి నిషేధం. వాటికి బదులు లైఫ్ జాకెట్లు, ప్లాస్టిక్ కవర్లో పాస్‌పోర్టు కాపీ. కోస్ట్‌గార్డ్ 1554, మెరైన్ పోలీస్ 1093. ముందురోజు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వారి కెరటాల హెచ్చరికలు చూసుకోండి. కళింగపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేశారని వార్త వస్తే ప్రయాణం లేదు. ఇంకో మాట: చేపల వేటకి రిజిస్టరైన తెప్ప ప్రయాణికుల బోటు కాదు. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ రాకపోవచ్చు, ముందే అడిగి తెలుసుకోండి.

మోటారు వెనక సన్నగా చిమ్మే నీటిధార మీద ఒక కన్నుండాలి. మొగలో ఇసుక పీల్చితే అది ఆగిపోతుంది, ఆగిందంటే ఇంజన్‌కి చల్లదనం లేనట్టే. వెంటనే ఆపి, సన్నటి తీగతో ఆ ధార వచ్చే రంధ్రం పొడవండి. ప్రొపెల్లర్‌కి వల చుట్టుకుంటే ముందు మోటారు ఆపాకే పైకెత్తి, వెనక్కి తిప్పుతూ విప్పాలి, రానిది కోసేయాలి. ఇంటికి చేరాక పెద్ద డ్రమ్ములో మంచినీళ్లు నింపి, మోటారు కింది భాగం ముంచి, అయిదు నిమిషాలు నెమ్మదిగా తిప్పండి. నీళ్లు లేకుండా ఒక్క నిమిషం తిప్పినా పంపు రబ్బరు మాడిపోతుంది. ప్రొపెల్లర్ ఇప్పి చూడండి, దాని వెనక నైలాన్ దారం దూరి సీలుని కోసేస్తుంది. మర్నాడు గేర్ ఆయిల్ పాలరంగులో కనిపిస్తే లోపలికి నీళ్లు దిగినట్టే. ఆ మోటారుతో మళ్లీ సముద్రంలోకి వెళ్లకండి, సీలు మార్పించాకే.