దాచుకోవడానికి ఏది మేలు: జపాన్ సెడానా, జర్మన్ సెడానా?

[స్క్రీన్ మీద రెండు కార్లు పక్కపక్కన]

ఎడమ పక్కది 1999 మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ సిక్స్, అందరూ పిలిచే పేరు ఎవో. కుడి పక్కది అదే కాలం నాటి బీఎండబ్ల్యూ ఎం5, కంపెనీ ఆ తరం మోడల్‌కి పెట్టుకున్న కోడ్ ఈ39. రెండూ నాలుగు డోర్ల కార్లే, రెండిటికీ మాన్యువల్ గేర్లే. కానీ పదేళ్లు, ఇరవయ్యేళ్లు దాచుకోవాలని కొనేవాళ్లకి మాత్రం వీటి లెక్కలు వేరు.

ఎం5లో 4.9 లీటర్ల వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్, 400 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే). ఎవోలో 2 లీటర్ల టర్బో, కాగితం మీద 280 పీఎస్. అప్పట్లో జపాన్ కంపెనీలు అంతకు మించి చూపించకూడదని తమలో తాము ఒప్పందం పెట్టుకున్నాయి, అందుకే ఆ అంకె. అసలు ఎవో పుట్టిందే ర్యాలీ అనే కార్ల రేసుల కోసం. ఫిన్లాండ్ డ్రైవర్ టామీ మాకినెన్ 1996 నుంచి 1999 దాకా వరుసగా నాలుగుసార్లు ర్యాలీ ప్రపంచ చాంపియన్ అయింది ఈ కార్లతోనే.

ఇక్కడే చాలామంది పొరపడతారు. ఎన్ని కార్లు తయారయ్యాయో చూసి ఏది అరుదో తేల్చేస్తారు, కానీ చూడాల్సింది ఎన్ని చెడకుండా మిగిలాయన్నది. ఎవోలు ఎక్కువగా స్పీడ్ అంటే పిచ్చి ఉన్నవాళ్ల చేతిలో పడ్డాయి, టర్బో మార్చారు, సైలెన్సర్ మార్చారు, ట్రాక్ మీద తిప్పారు, కొన్ని గుద్దుకుని పోయాయి కూడా, అందుకే కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న ఎవో కనిపించడం కష్టం. ఎం5లు 20 వేలకు పైగా తయారయ్యాయి, వాటిని మార్చేసినవాళ్లు తక్కువ, సర్వీస్ పుస్తకంతో సహా ఒరిజినల్‌గా ఉన్నవి వెతికితే దొరుకుతాయి.

ఎవోలకి గిరాకీ పెరగడానికి ఇంకో కారణం అమెరికా రూలు. ఎవో సిక్స్ లాగా అక్కడ అమ్మని కారుకి 25 ఏళ్లు నిండితే అక్కడి భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపు వస్తుంది, దాంతో జపాన్ పాత కార్ల కోసం అమెరికా వాళ్లు కూడా పోటీకి దిగుతారు. ఎం5 అక్కడ కొత్తప్పుడే అమ్ముడుపోయింది కాబట్టి దానికి ఆ ఊపు లేదు.

[కారు కింది భాగం దగ్గరగా]

ఇక రిపేర్లు. ఎం5 ఇంజిన్‌లో వాల్వుల టైమింగ్‌ని సర్దే వానోస్ అనే భాగం శబ్దం చేయడం, టైమింగ్ చైన్‌ని దారిలో ఉంచే గైడ్లు అరగడం తెలిసిన జబ్బులే, కానీ ఆ పనికి అయ్యే ఖర్చు చిన్నది కాదు. ఎవోకి అడుగున తుప్పు, ఎవోలోనే జీఎస్‌ఆర్ అనే రకం అయితే ఏవైసీ పంపు కూడా చూసుకోవాలి, మలుపుల్లో వెనక చక్రాలకి శక్తిని పంచే వ్యవస్థ పంపు అది. తుప్పు పట్టిన ఎవో ఎంత చవకైనా నేనైతే ముట్టుకోను.

నన్నడిగితే, నడుపుతూ దాచుకోవాలంటే ఎం5, పూర్తిగా ఒరిజినల్ దొరికితే మాత్రం ఎవో. కొనేముందు ఓనర్‌ని ఒక్కటి అడగండి: మార్చినప్పుడు తీసేసిన పాత సీట్లు, చక్రాలు, సైలెన్సర్ ఇంకా ఉన్నాయా? ఉన్నాయంటే వెంటనే వెళ్లి చూడండి.