పెంటకుప్పలో అడవి

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఎదుట కూర్చున్న విద్యార్థులకు నమస్కారం. నమూనాలు భద్రపరచడానికి కొత్త గది కట్టాం, ప్రారంభానికి వచ్చి నాలుగు మాటలు చెప్పండి అని పిలిచినప్పుడు మారుమాట లేకుండా ఒప్పుకున్నాను. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది. పరిచయాలు, పొగడ్తలు ఇప్పటికే అయ్యాయి కాబట్టి నేను నేరుగా ఎలుక పెంటికల దగ్గరికి వస్తాను.

పాతకాలపు అడవి ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే మామూలుగా చెరువు అడుగున బురద తవ్వుతారు. ఏటేటా రాలిన పుప్పొడి అందులో పొరలుగా పేరుకుని ఉంటుంది. మరి చెరువే లేని ఎడారిలో ఏం తవ్వాలి? ఉత్తర అమెరికా పడమటి ఎడారుల్లో ఆ లోటు తీర్చింది ప్యాక్‌రాట్ అనే ఎలుక. కనబడిన పుల్ల, ఆకు, గింజ, ముల్లు, ఎముక అన్నీ ఏరుకొచ్చి రాతి సందులో పోగేస్తుంది. అన్నీ దగ్గరలో దొరికినవే, దాదాపు వంద మీటర్ల లోపువే. ఆ పోగు మీదే మూత్రం పోస్తుంది. ఎడారి గాలికి అది ఆరి, గోధుమరంగు బంకలా గట్టిపడి, మొత్తాన్ని రాయిలా పట్టేస్తుంది. వాన తగలకపోతే అందులోని ఆకు 40 వేల ఏళ్లయినా ఆకులాగే ఉంటుంది. రేడియోకార్బన్ పద్ధతితో, అంటే అందులో మిగిలిన రేడియోధార్మిక కార్బన్‌ను కొలిచి, దాని వయసు కట్టవచ్చు.

1849లో బంగారం కోసం కాలిఫోర్నియాకు పోతూ నెవాడా దాటుతున్న బాటసారులు ఆకలికి తాళలేక ఈ బంకను మిఠాయి అనుకుని తిన్నారు. కడుపులు తిప్పేశాయి. పాపం, వాళ్లు నమిలింది వేల ఏళ్ల నాటి అడవిని.

శాస్త్రవేత్తలు దాని విలువ గుర్తించడానికి మరో వందేళ్లకు పైగా పట్టింది. ఫిలిప్ వెల్స్, క్లైవ్ జోర్గెన్‌సెన్ ఇద్దరూ నెవాడాలోనే జూనిపర్ అనే, పొలుసుల్లాంటి ఆకులుండే చెట్ల కోసం ఒక కొండ ఎక్కారు. ఒక్క చెట్టూ లేదు. దిగి వస్తూ ఒక రాతి సందులోకి చూస్తే ఎలుక పోగు, అందులో జూనిపర్ రెమ్మలు! 1964లో వారి వ్యాసం వెలువడింది. ఇప్పుడు ఎడారి పొదలు తప్ప ఏమీ లేని చోట మంచుయుగంలో జూనిపర్ వనం ఉండేదని తేలింది. పెంటికలు కూడా ఊరికే పోవు. చలి కాలాల్లో ఎలుక ఒళ్లు పెద్దది, పెంటికా పెద్దదే. వేడి పెరిగేకొద్దీ రెండూ చిన్నవయ్యాయి. పెంటిక వెడల్పు కొలిచి ఎలుక పరిమాణం, దాన్నిబట్టి వాతావరణం ఎటు మారిందో చెప్పిన పరిశోధన 1995లో వచ్చింది.

ఇక మనిషి సంగతి. న్యూ మెక్సికోలో చాకో లోయ ఉంది. 9 నుంచి 12వ శతాబ్దం దాకా అక్కడ వందల గదుల రాతి భవనాలు కట్టారు. వాటికి 2 లక్షలకు పైగా దుంగలు వాడి ఉంటారని అంచనా. నేడు ఆ లోయలో చెట్టు నీడ కరువు. 1981లో జూలియో బెటాన్‌కోర్ట్, టామస్ వాన్ డెవెండర్ అనే పరిశోధకులు అక్కడి ఎలుక పోగులను పరిశీలించారు. పాత పోగుల్లో పిన్యాన్ పైన్, జూనిపర్ ఉన్నాయి. భవనాలు వెలిసిన తరవాతి పోగుల్లో పిన్యాన్ లేదు. వంటచెరకు కోసం నరికేశారని వారు భావించారు. దీన్ని ఒప్పుకోని పురావస్తు శాస్త్రవేత్తలూ ఉన్నారు, వాదం ఇంకా నడుస్తోంది. నడవనీయండి. ఎలుక పోగు చేతిలో ఉంది కాబట్టే వాదించుకోగలుగుతున్నారు!

జోర్డాన్‌లోని పెట్రా అనే పురాతన నగరం దగ్గర ఇదే సాక్ష్యం హైరాక్స్ ఇచ్చింది. కుందేలంత జంతువు, తరతరాలుగా ఒకే చోట విసర్జిస్తుంది. గాలికి వచ్చిన పుప్పొడి, తిన్న ఆకు రెండూ అందులో చిక్కుకుంటాయి. ఓక్, పిస్తా జాతి చెట్లు తగ్గిపోయి నేల పొదల పాలు కావడం ఆ పోగుల్లో కనబడింది. దీని గురించి ఇంకా చెప్పాలనుకున్నాను గానీ, మీ కొత్త గది తలుపు చూసినప్పటి నుంచి నా మనసు వేరే చోట ఉంది.

నేను పరిశోధన విద్యార్థిగా ఉన్న రోజుల్లో మా ప్రయోగశాలలో ఇలాంటి ఎలుక పోగు ముక్కలు అయిదు పెట్టెల నిండా ఉండేవి. ముక్కను నీళ్లలో రోజుల తరబడి నానబెట్టాలి. బంక కరిగి, వేల ఏళ్ల కిందటి మూత్రపు ఘాటు గదంతా కమ్ముకుంటుంది. తరవాత జల్లెడ పట్టి, ఆరబెట్టి, ఒక్కొక్క ఆకూ పటకారుతో ఏరాలి. రెండు పెట్టెల పని ముగించి సెలవులకు వెళ్లాను. తిరిగి వచ్చేసరికి గదికి సున్నం వేశారు. పెట్టెలు లేవు. అడిగితే అధికారి అన్న మాట ఇప్పటికీ చెవిలో మోగుతుంది: "ఎలుక పెంట దాచుకుంటారా ఎవరైనా?" నేను కుప్పతొట్టి దగ్గరికి పరుగెత్తాను. ముందు రాత్రి వాన పడింది. అట్టపెట్టెలు నాని విచ్చుకున్నాయి. నల్లటి నీటి మీద జూనిపర్ రెమ్మలు తేలుతున్నాయి, పచ్చదనం పోయినా పొలుసులు చెదరకుండా. ఏ రెమ్మ ఏ పోగుదో ఇక ఎవరూ చెప్పలేరు. మంచుయుగం నుంచి ఒక్క వాన చుక్క సోకకుండా వచ్చినది ఒక్క రాత్రిలో పోయింది. అయ్యా, ఒక్క రాత్రిలో!

ఇంతకంటే పెద్ద నష్టాలు జరిగాయి. గ్రాండ్ కెన్యన్‌లోని రాంపార్ట్ గుహలో, అంతరించిపోయిన నేల స్లాత్ అనే పెద్ద జంతువు పేడ వేల ఏళ్లుగా పొరలు కట్టి ఉండేది. ఆ జంతువు ఏయే మొక్కలు తిన్నదో అందులో చదవగలిగేవారు. 1976 జులైలో నిప్పంటుకుని ఆ పేడ నెలల తరబడి లోలోపల కాలింది. చాలా భాగం బూడిదైంది.

విద్యార్థులారా, మిమ్మల్ని ఒకటి అడుగుతాను. కొత్త గదిలోకి ఏ పెట్టె వచ్చినా దాని మీద చోటు, తేదీ, సేకరించిన వారి పేరు చెరగని సిరాతో రాయండి. లోపల కూడా అదే రాసి మరో చీటీ పెట్టండి. చూడటానికి చెత్తలా ఉన్నదేదైనా సరే, పారేసే ముందు ఇద్దరు సంతకం చేయాలని నియమం పెట్టండి. అధ్యక్షులవారూ, ఈ నియమం ఈ రోజే రాయించండి, రేపటికి వాయిదా వేయకండి.

ఈ గాజు డబ్బాలో ఉన్నది ఆ అయిదు పెట్టెల్లో మిగిలిన ఒకే ఒక్క ముక్క. ఆ సెలవులకు ముందు నా బల్ల సొరుగులో పెట్టుకున్నాను కాబట్టి దక్కింది. విరిగిన అంచు దగ్గర ఒక కాక్టస్ ముల్లు, దాని పక్కన పురుగు రెక్క కనబడతాయి. ఇన్నేళ్లుగా నా దగ్గరే ఉంది. ఈ రోజు మీకు అప్పగిస్తున్నాను. ముందు వరుస నుంచి చేతులు మారుస్తూ అందరూ చూడండి. మూత మాత్రం తీయకండి, బయట వాన పడుతోంది.