ఇంగ్లీషు ఇంటి భాష అయినవాళ్ళకూ పాఠం చెప్పాలి

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, తోటి శిక్షకులకు, పరీక్ష దగ్గర పెట్టుకుని కూడా ఇంత ఓపిగ్గా కూర్చున్న అభ్యర్థులకు నమస్కారం. నన్ను పిలిచిన నిర్వాహకులకు కృతజ్ఞతలు. నాకు ఇచ్చిన అంశం 'ఇంగ్లీషు పరీక్షలో స్కోరు పెంచుకునే మెళకువలు'. మెళకువలు చెప్తాను. కానీ ముందు చాలాకాలంగా మనసులో పెట్టుకున్న ఒక విషయం చెప్పాలి. టైము మించితే చీటీ పంపండి, ఆపేస్తాను.

మన దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్ళు. వాళ్ళకు ఏం చెప్పాలో మనకు తెలుసు. అప్పుడప్పుడు ఇంకో రకం వాళ్ళు వస్తారు. వాళ్ళకు మాటలు వచ్చిందే ఇంగ్లీషులో. బడిలోనూ, ఆఫీసులోనూ, ఇంట్లో పోట్లాడుకునేటప్పుడూ అదే భాష. వాళ్ళు వచ్చి, విదేశాలకు వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లీషు పరీక్షలు ఐఈఎల్‌టీఎస్‌కో పీటీఈకో కోచింగ్ కావాలంటే మనలో చాలామంది ఏమంటున్నాం? 'మీకెందుకండీ కోచింగ్? వెళ్ళి రాసేసి రండి' అంటున్నాం. చెడ్డ ఉద్దేశంతో అనడం లేదు, నిజమే. కానీ ఆ మాట నమ్మి వెళ్ళి దెబ్బతిన్నవాళ్ళను నేను చూశాను. ఈరోజు వాళ్ళ తరఫున మాట్లాడాలనుకుంటున్నాను.

వాళ్ళకు అసలు పరీక్ష ఎందుకు అని కొందరికి అనుమానం. కెనడాలో స్థిరపడడానికి దరఖాస్తు చేసే పద్ధతి, ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ సంగతి చూడండి. దరఖాస్తు చేసే మనిషి లండన్‌లో పుట్టినా సరే, గుర్తింపు ఉన్న పరీక్ష రాసి, రెండేళ్ళు దాటని ఫలితం చూపించాల్సిందే. ఆస్ట్రేలియాలో బ్రిటన్, అమెరికా, ఐర్లండ్ లాంటి దేశాల పాస్‌పోర్టు ఉంటే కనీస స్థాయి ఉన్నట్టు ఒప్పుకుంటారు. కానీ వీసా పాయింట్లలో ఇంగ్లీషుకు 10 గానీ 20 గానీ కలవాలంటే పరీక్ష రాయక తప్పదు. అంటే మాతృభాష అన్న ఒక్క మాటతో పాయింట్లు రావు.

ఇక్కడ ఒకావిడ గురించి చెప్పాలి. పేరు చెప్పను. వృత్తికి నర్సు. పుట్టినప్పటి నుంచీ ఇంగ్లీషు తప్ప వేరే భాష తెలియదు. ఆవిడ వెళ్ళాలనుకున్న దేశంలో నర్సుగా రిజిస్టర్ కావడానికి అప్పట్లో ఐఈఎల్‌టీఎస్ నాలుగు విభాగాల్లోనూ 7 బ్యాండ్, అంటే 9కి 7 స్కోరు, కావలసి వచ్చింది. ఆవిడకు లిజనింగ్‌లో 9, స్పీకింగ్‌లో 9, రీడింగ్‌లో 8 వచ్చాయి. రైటింగ్‌లో 6.5. సగటు ఎంత బాగున్నా ఆ అర బ్యాండ్ దగ్గర దరఖాస్తు ఆగిపోయింది.

నా దగ్గరికి వచ్చాక ఒక వ్యాసం రాయించాను. ఇంటి నుంచి పని చేయడం వల్ల లాభాలు ఎక్కువా, నష్టాలు ఎక్కువా అన్నది ప్రశ్న. 40 నిమిషాలు టైము. ఆవిడ రాసింది చదువుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి. రాత్రి డ్యూటీలో వార్డు ఎలా ఉంటుందో, ఇంటి నుంచి చేయలేని పనులు ఎన్ని ఉంటాయో రాసింది. మొదటి పేరానే పేజీలో సగం ఆక్రమించింది. లాభాలు ఎక్కువో నష్టాలు ఎక్కువో ఎక్కడా చెప్పలేదు. కామాలతోనే వాక్యాలు కలుపుకుంటూ పోయింది, ఫుల్‌స్టాప్ ఎక్కడో గానీ కనపడదు. ఫోన్ దిద్దిపెట్టడం అలవాటై స్పెల్లింగులు నాలుగైదు తప్పాయి. టైము అయిపోయేసరికి చివరి వాక్యం మధ్యలో ఆగింది.

ఇప్పుడు పరీక్షకుడి వైపు నుంచి చూడండి. ఆయన ముందు నాలుగు కొలతలుంటాయి. అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చిందా, ఆలోచనలు వరుసగా ఉన్నాయా, పదాలు ఎలా వాడారు, వ్యాకరణం ఎలా ఉంది. నాలుగింటికీ సమానమైన విలువ. ఆవిడ పద సంపద అద్భుతం, కాదనేవాళ్ళు లేరు. మొదటి కొలతలో, రెండో కొలతలో పోయింది. ఆ రెండూ పుట్టుకతో వచ్చేవి కావు. ఒకరు కూర్చోబెట్టి చెప్తే వచ్చేవి. పైగా రైటింగ్‌లో ఉండే రెండు టాస్కుల్లో ఈ వ్యాసం రెండోది, దానికి మొదటిదానికంటే రెట్టింపు విలువ. ఆ సంగతి ఆవిడకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదు? అక్కడే నా బాధ. నా దగ్గరికి రాకముందు ఆవిడ ఒక శిక్షణ కేంద్రంలో చేరింది. పూర్తి ఫీజు కట్టింది. వాళ్ళు ఏం చేశారంటే, రోజూ ఆవిడను క్లాసులో ముందు కూర్చోబెట్టి మిగతా పిల్లల చేత ఆవిడతో మాట్లాడించారు. ఉచ్చారణ వినిపించమన్నారు. మాక్ ఇంటర్వ్యూలు ఆవిడ చేతే చేయించారు. ఆవిడ రాసిన కాగితం ఒక్కటి కూడా ఎవరూ దిద్దలేదు. 'మీది దిద్దేటంత వాళ్ళమా' అన్నారట. ఫీజు కట్టించుకుని పాఠం చెప్పకపోగా, ఆవిడ చేతే పాఠం చెప్పించుకున్నారు! నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. గౌరవం ఇచ్చామని వాళ్ళు అనుకుని ఉంటారు. కాగితం దిద్దకపోవడం గౌరవం ఎలా అవుతుందండీ? చదువు చెప్పమని వచ్చిన మనిషికి చదువు చెప్పడమే గౌరవం.

ఫలితం వచ్చాక ఆవిడ ఇంట్లో నెల రోజుల పాటు చెప్పుకోలేదు. తోటి నర్సులు, ఇంగ్లీషు తర్వాత నేర్చుకున్నవాళ్ళు, రైటింగ్‌లో 7 తెచ్చుకున్నారు. 'నా భాషలో నేను తప్పాను' అని నా ఎదురుగా కూర్చుని ఏడ్చింది. మీరు తప్పింది భాషలో కాదమ్మా, 40 నిమిషాల్లో ఒక ప్రశ్నకు జవాబు రాసే పనిలో, అది నేర్చుకుంటే వస్తుంది అని చెప్పాను. ప్రశ్నలో ఎన్ని భాగాలున్నాయో ముందు గీత గీసుకోవడం, ఐదు నిమిషాలు ప్లాన్‌కు ఇవ్వడం, మొదటి పేరాలోనే తన అభిప్రాయం చెప్పేయడం, 250కి పైన 300 లోపు పదాల దగ్గర ఆగడం, చివర్లో స్పెల్లింగ్ చూసుకోవడం. ఇంతే చేశాం. వ్యాకరణ పుస్తకం తెరవలేదు. తర్వాతి పరీక్షలో 7.5 వచ్చింది.

ఇది ఈవిడ ఒక్కరి సంగతే కాదు. 2017లో పత్రికల్లో వచ్చిన వార్త మీలో కొందరికి గుర్తుండొచ్చు. ఐర్లండ్‌కు చెందిన ఒక పశువైద్యురాలు ఆస్ట్రేలియాలో స్థిరపడడానికి కంప్యూటర్ మార్కులు వేసే పరీక్ష, పీటీఈ, రాసింది. ఇంగ్లీషు ఆవిడ మాతృభాష. స్పీకింగ్‌లో 79 కావాలి, 74 వచ్చింది. ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. ఆశ్చర్యపోయి ఊరుకున్నాం. అలాంటివాళ్ళకు ఏం చెప్పాలి అని మనలో ఎంతమంది కూర్చుని ఆలోచించాం?

పీటీఈలో మైకు ముందు మాట్లాడాలి. మీరు మూడు సెకన్లు ఊరుకుంటే రికార్డింగ్ ఆగిపోతుంది. బాగా మాట్లాడేవాళ్ళకు ఆలోచించుకుని మాట్లాడే అలవాటు ఉంటుంది, మధ్యలో ఆగుతారు. మనిషి ఎదురుగా ఉంటే ఆ విరామం అందంగా ఉంటుంది. యంత్రం ముందు అది నష్టం. ఆ ఒక్క విషయం ముందే తెలిస్తే పది నిమిషాల సాధనతో సరిపోయేదానికి, తెలియక మొత్తం స్కోరు పోగొట్టుకుంటారు.

చీటీ వచ్చింది. సరే, అయిదు నిమిషాలు.

ఐఈఎల్‌టీఎస్ రీడింగ్‌లో జనరల్ ట్రైనింగ్, అంటే ఎక్కువగా వలస కోసం రాసే రకం, ఎంచుకున్నవాళ్ళకు ఒక హెచ్చరిక. 40 ప్రశ్నల్లో సుమారు 34 సరైతే 7 బ్యాండ్, సుమారు 38 సరైతే 8. అంటే 8 కావాలనుకునేవాళ్ళు రెండు ప్రశ్నలకు మించి పోగొట్టుకోకూడదు. కెనడా వాళ్ళ భాషా స్థాయిల కొలత సీఎల్‌బీలో 10 కావాలంటే రీడింగ్‌లో 8 రావాలి మరి. ఇంగ్లీషు ఇంటి భాష అయినవాళ్ళు ఎక్కువగా పోగొట్టుకునేది 'ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్' దగ్గర. గ్రంథాలయం ఆదివారం తెరిచి ఉంటుందని పాసేజీలో ఉంది. ఆదివారం జనం ఎక్కువగా వస్తారు అని ప్రశ్న అంటుంది. మామూలుగా ఆలోచిస్తే నిజమే అనిపిస్తుంది. కానీ ఎంతమంది వస్తారో పాసేజీ చెప్పలేదు కాబట్టి నాట్ గివెన్. వేగంగా చదివేవాళ్ళు చెప్పనిదాన్ని కూడా తామే పూరించుకుంటారు. అందుకే వాళ్ళకు ఇంకా నెమ్మదిగా చదవడం నేర్పాలి.

లిజనింగ్ గురించి ఒక్క ముక్క. 'రెండు పదాలకు మించకూడదు' అంటే మూడు రాస్తే సున్నా, అర్థం ఎంత సరైనా. మాట్లాడేవాళ్ళు మంగళవారం అని చెప్పి, కాదు కాదు బుధవారం అని దిద్దుకుంటారు. ధ్యాస పక్కకు పోయినవాళ్ళు మంగళవారం రాసి బయటికొస్తారు. ఒక్కసారే వినిపిస్తారు.

స్పీకింగ్‌లో మొదటి భాగంలో పొడి పొడిగా 'అవును, కాదు' అని ఆపేయకండి. మీకు ఎంత వచ్చో పరీక్షకుడికి కనిపించాలి, చూపించనిదానికి ఆయన మార్కు వేయలేడు. రెండో భాగంలో మాట్లాడే ముందు ఆలోచించుకోవడానికి నిమిషం టైము ఇస్తారు, ఆ నిమిషం వాడుకోండి. 'నాకు అక్కర్లేదు' అని మొదలుపెట్టి ముప్పై సెకన్లలో మాటలు అయిపోయినవాళ్ళను చూశాను, అందరూ ఇంగ్లీషు ఇంటి భాష అయినవాళ్ళే.

శిక్షకులారా, మిమ్మల్ని ఒకటి అడుగుతాను. ఇలాంటి అభ్యర్థి వస్తే చేర్చుకునే రోజే గడియారం పెట్టి ఒక పూర్తి పరీక్ష రాయించండి. కాగితం దిద్ది, ఎర్ర సిరాతో మొత్తం గుర్తులు పెట్టి ఇవ్వండి. మొహమాటపడకండి. ఎక్కడ లోపముందో అక్కడ పది రోజులు పనిచేయించండి, అంతకంటే ఎక్కువ అక్కర్లేకపోతే అదే చెప్పండి, మూడు నెలల ప్యాకేజీ అంటగట్టకండి. మీకన్నా బాగా మాట్లాడతారని భయపడకండి. మీకు తెలిసినది ఆ పరీక్ష, వాళ్ళకు కావలసినదీ అదే.

అభ్యర్థుల్లో ఇంగ్లీషు మీ ఇంటి భాష అయినవాళ్ళు ఉంటే, ఎవరో నవ్వుతారని దాచుకోవద్దు. రైటింగ్ ఒక్కటే తగ్గి ఉంటే, కంప్యూటర్‌లో ఐఈఎల్‌టీఎస్ రాసినవాళ్ళకు ఒక్క విభాగం మాత్రమే మళ్ళీ రాసే అవకాశం చాలా చోట్ల ఉంది. మీరు దరఖాస్తు చేసే సంస్థ దాన్ని ఒప్పుకుంటుందో లేదో ముందు కనుక్కోండి. మార్కులు తప్పు పడ్డాయని గట్టి నమ్మకం ఉంటే ఆరు వారాల్లోగా పునఃపరిశీలన కోరొచ్చు. స్కోరు మారితే ఆ రుసుము తిరిగి ఇస్తారు.

రెండో చీటీ కూడా వచ్చింది. సభ అయ్యాక నేను పక్క గదిలో ఉంటాను. గడియారం పెట్టుకుని రాసిన ఒక వ్యాసం ఉంటే తీసుకురండి, అందరి ముందూ చదవను, మీ పక్కన కూర్చుని దిద్దుతాను. రాయనివాళ్ళకు కాగితాలు, ఒక ప్రశ్న అక్కడే ఇస్తాం.