మగపిల్లల నెత్తిన ఈ బరువు పెట్టిందెవరు?

(తిరుపతిలో డిగ్రీ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ రోజు నేను ఎక్కువగా అబ్బాయిలతోనే మాట్లాడదామని వచ్చాను. అమ్మాయిలు ఏమీ అనుకోవద్దు, ఇది మీ విషయం కూడా.

స్త్రీవాదం గురించి మాట్లాడడానికి ఏ కాలేజీకి వెళ్లినా అబ్బాయిల నుంచి ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "చట్టాలన్నీ ఆడవాళ్లకే, పథకాలన్నీ ఆడవాళ్లకే, ఇప్పుడు బస్సు కూడా వాళ్లకే ఫ్రీ. మా బాధ ఎవరికి చెప్పుకోవాలి మేడమ్?" ఈ ప్రశ్న వేసినవాళ్ల నోరు మూయించడం నాకిష్టం లేదు. వాళ్ల బాధ నిజం. ఆ బాధ ఎవరి వల్ల వచ్చిందన్న దగ్గరే వాళ్లతో నాకు పేచీ.

2022లో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క చెప్పింది. అందులో నూటికి దాదాపు 72 మంది మగవాళ్లు. వాళ్లలో అన్ని వర్గాల కంటే ఎక్కువగా ఉన్నది రోజుకూలీలు. ఇక ప్రాణం తీసుకున్న ఆడవాళ్లలో సగానికి పైగా గృహిణులు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. సంపాదించి తీరాలని ఒకరిని బయటికి తోశాం, ఇల్లు దాటొద్దని ఇంకొకరిని లోపల పెట్టాం. ఇద్దరూ ఒకే కట్టుబాటు కింద నలుగుతున్నారు.

మన పల్లెల్లో ఇది ఎలా జరుగుతుందో మీకు నేను చెప్పాలా? బోరు వేస్తారు, నీళ్లు పడవు. అప్పు తెచ్చి ఇంకోటి వేస్తారు, అదీ పడదు. ఎంత అప్పయిందో పెళ్లాంతో చెప్పడు. చెప్తే చిన్నతనం. "ఇంటి మగోడివి, ఆ మాత్రం చూసుకోలేవా" అంటారని భయం. అప్పులవాళ్లు గడప దగ్గరికొచ్చి నిలబడిన రోజు ఆమెకి మొదటిసారి తెలుస్తుంది. పొలం అతని పేరు మీద ఉంటుంది, అప్పూ అతని పేరు మీదే. ఆ పొలంలో వంగి కలుపు తీసేది, శెనక్కాయలు కొట్టేది మాత్రం ఆమె. ముందే ఆమెతో కూర్చుని లెక్కలు చెప్పుకొని ఉంటే, ఆ మూడో బోరు వద్దని ఆమె అనేదేమో. అలా చెప్పుకోవడం మగతనానికి తక్కువని అతనికి నేర్పింది స్త్రీవాదం కాదు. దాని పేరు కూడా ఈ దేశంలో వినబడక ముందు నుంచీ ఆ మాట ఉంది.

పెళ్లిళ్ల సంగతి చూడండి. పలమనేరు వైపో, పుంగనూరు వైపో ముప్పై దాటి వ్యవసాయం చేసుకుంటున్న అబ్బాయిని పలకరించండి. వాడికి ఆవులుంటాయి, టమోటా తోట ఉంటుంది, అమ్మానాన్నల్ని బాగా చూసుకుంటాడు, పిల్లనిచ్చేవాళ్లు మాత్రం దొరకరు. సంబంధం తెచ్చేవాడు మొదట అడిగేది ప్యాకేజీ ఎంతని. వాళ్ల ఇళ్లలో ఆ టెన్షన్ చూశాను, తల్లి కూడా నలుగురిలోకి రావడం మానేస్తుంది. "అమ్మాయిలకి ఆశ ఎక్కువైంది" అని అందరూ తేలిగ్గా అనేస్తారు. కానీ ఆలోచించండి. అమ్మాయి చదువు పెళ్లి కోసం, ఉద్యోగం పెళ్లయ్యేదాకా అని మనమే అన్నాం. బతుకంతా మొగుడి సంపాదన మీదే అన్నప్పుడు, ఆమెను కన్నవాళ్లు అతని జీతం చూడక ఇంకేం చూస్తారు? ఆ జీతాన్ని బట్టే ఇటు కట్నం రేటు కూడా నిర్ణయిస్తారు. 1961 నుంచి కట్నం నిషేధమే, అయినా అడుగుతూనే ఉన్నారు. అమ్మాయి తన కాళ్ల మీద తను నిలబడితే, ఆవులున్న ఆ అబ్బాయిని మనిషిగా చూసి ఇష్టపడే అవకాశం ఆమెకి ఉంటుంది. తిరుపతి జిల్లాలోనే శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో వేలమంది అమ్మాయిలు పనిచేస్తున్నారు. వాళ్ల జీతం వాళ్ల చేతికి నిజంగా వస్తే, ఈ పెళ్లి బేరాలు కొంతైనా మారతాయని నా నమ్మకం.

చట్టాలన్నీ ఆడవాళ్లకే అన్నారు కదా. ఒక చట్టం గురించి చెప్తాను. మన శిక్షాస్మృతిలో 497 సెక్షన్ ఉండేది, 1860 నాటిది. పెళ్లయిన స్త్రీతో సంబంధం పెట్టుకున్న మగవాడికి అయిదేళ్ల దాకా జైలు. ఆ స్త్రీకి శిక్ష లేదు. పైకి చూస్తే ఆడవాళ్లకి ఎంత అనుకూలం! కానీ ఆమె భర్త ఒప్పుకుంటే అది నేరమే కాదని అదే సెక్షన్ చెప్పేది. అంటే ఆమె అతని సొత్తు, ఇంకొకడు దాన్ని ముట్టుకున్నాడు, అదీ నేరం. 2018 సెప్టెంబర్ 27న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. భర్తకి ఆమె సొత్తు కాదని కోర్టు చెప్పినందువల్లే మగవాడి నెత్తి మీది జైలు కూడా పోయింది.

ఇంకో కేసు అమెరికాది. 1972లో పౌలా వైసెన్‌ఫెల్డ్ అనే టీచరు ప్రసవంలో చనిపోయింది. ఇంట్లో ఎక్కువ సంపాదించింది ఆమే. భర్త స్టీఫెన్ పసిబిడ్డను తనే పెంచుకోవాలనుకున్నాడు. భర్త పోయిన తల్లికి బిడ్డను పెంచడానికి ప్రభుత్వం భృతి ఇచ్చేది, భార్య పోయిన తండ్రికి మాత్రం లేదు. అతని తరఫున కోర్టులో నిలబడింది స్త్రీల హక్కుల లాయరు రూత్ బేడర్ గిన్స్‌బర్గ్. 1975లో అక్కడి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా అతని పక్షాన తీర్పు ఇచ్చింది. కోర్టు కొట్టేసిన ఆ నియమం, భృతి కోసం పౌలా కట్టిన పన్నుకి మగవాడు కట్టినదానికున్న విలువ లేదంది, స్టీఫెన్‌కి బిడ్డను పెంచే అర్హత లేదంది. ఒకే నియమంలో ఆ రెండు అన్యాయాలూ ఉన్నాయి.

స్టీఫెన్ లాంటివాళ్లు మనకీ ఉన్నారు. రాయచోటి, పీలేరు వైపు చాలా ఇళ్లలో భార్య కువైట్‌కి ఇంటిపనికి వెళ్తుంది. ఇక్కడ భర్త అన్నం వండి, కూతురికి జడలేసి బడికి పంపుతాడు. ఊరు అతన్నేమంటుంది? "పెళ్లాం సంపాదన తింటా కూర్చున్నాడు" అంటుంది. ఆ మాట పడలేక తాగుడుకి దిగేవాళ్లున్నారు. అక్కడ పరాయి ఇంట్లో ఆమె పడే కష్టమూ వృథా, ఇక్కడ పిల్లల బతుకూ పాడు. జడ వేయడం తప్పేమీ కాదని ఊళ్లో ఒక్క పెద్దమనిషి అన్నా ఆ ఇల్లు నిలబడేది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇద్దరికీ బాధే కాబట్టి లెక్క సరిపోయిందని నేననడం లేదు. 2019లో కేంద్రం చేసిన సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి 299 నిమిషాలు చేస్తే, చేసే మగవాళ్లు 97 నిమిషాలు చేశారు. అసలు ఇంటిపని ముట్టుకున్న మగవాళ్లే నూటికి 26 మంది. ఈ బరువులో పెద్ద వాటా మోసేది ఆడవాళ్లే.

మగపిల్లలు నోరు తెరవలేని విషయం ఇంకోటుంది. కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో పిల్లల్ని అడిగి 2007లో నివేదిక ఇచ్చింది, మన రాష్ట్రం కూడా అందులో ఉంది. లైంగిక వేధింపు జరిగిందని చెప్పిన పిల్లల్లో సగానికి పైగా మగపిల్లలే. 2012 పోక్సో చట్టం వాళ్లనీ కాపాడుతుంది. కానీ ఇంటికొచ్చి చెప్పబోతే "మగపిల్లోడివి, ఏడుస్తావేందిరా" అంటే వాడు ఇంకెక్కడ చెప్పుకుంటాడు?

మన ఊరి గంగమ్మ జాతరనే తీసుకోండి. ఆడపిల్లల్ని చెరిచే పాలెగాణ్ని పట్టుకోవడానికి గంగమ్మ రకరకాల వేషాలు కట్టి, చివరికి దొర వేషంలో వచ్చి వాణ్ని చంపిందని కథ. కైకాల కుటుంబాల మగవాళ్లు ఆ వేషాలు కడతారు. మొక్కుకున్న మగవాళ్లు చీర కట్టి, గాజులు తొడిగి, పూలు పెట్టుకొని తాతయ్యగుంట గుడికి నడుస్తారు. మీసాలున్న మనిషి పట్టుచీరలో నడిచొస్తుంటే ఈ ఊళ్లో ఎవరూ నవ్వరు, భక్తిగా దారిస్తారు. మగతనం అంత తేలిగ్గా చెడిపోదని ఈ ఊరికి తెలుసు. తెలిసి కూడా, జాతర అయిపోయాక చెల్లెలి గాజులు సరదాగా తొడుక్కున్న పిల్లాణ్ని వీపు మీద కొడతాం.

ఇక మీరు చేయగలిగిన పనులు. మనసు బాగాలేనప్పుడు 14416కి ఫోన్ చేయండి, అది టెలీ మానస్, ప్రభుత్వానిది, ఉచితం. హాస్టల్ గదిలో నాలుగు రోజులుగా మాట్లాడని స్నేహితుడుంటే పక్కన కూర్చుని అడగండి, "తాగుదాం రా" అనొద్దు. 2017 నుంచి చట్ట ప్రకారం ఉద్యోగం చేసే తల్లికి 26 వారాల దాకా ప్రసూతి సెలవుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయిన తండ్రికి 15 రోజులు. ప్రైవేటు కంపెనీలో పనిచేసే తండ్రికి సెలవిచ్చి తీరాలని చెప్పే చట్టం లేదు. ఇంకో అయిదారేళ్లలో మీలో చాలామంది తండ్రులవుతారు. ఈలోగా ఆ సెలవు అడుగుతూ ఒక వినతిపత్రం రాయండి, అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి. మన ఎంపీగారికి, కార్మిక శాఖకి పంపుదాం. మొదటి సంతకం నేను పెడతాను, కాగితం తెస్తే ఇప్పుడే.