120 మ్యాచ్‌లు ఆడితే లెక్క 119 ఎలా వచ్చింది? మిషిగన్ ఫుట్‌బాల్ రికార్డు రివ్యూ

అందరికీ నమస్తే. ముందు ఒక చిన్న లెక్క. క్యాలిక్యులేటర్ తీయొద్దు. 62, 51, 6. మూడూ కూడండి. 119 కదా? 2024 సీజన్ దాకా అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీకీ ఒహాయో స్టేట్ యూనివర్సిటీకీ మధ్య ఉన్న రికార్డు ఇది. మిషిగన్ గెలిచినవి 62, ఒహాయో గెలిచినవి 51, టై అయినవి 6. బాగానే ఉంది. కానీ 2024 నవంబర్ 30న వీళ్లు ఆడింది 120వ మ్యాచ్. మరి ఆ ఒక్కటి ఎటు పోయినట్టు?

చెప్తాను, కాస్త ఆగండి. ఇవాళ రివ్యూకి సినిమా లేదు, ఫోన్ లేదు. ఒక పద్దుల పుస్తకం ఉంది. మిషిగన్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్ 1879 నుంచి ఎవరితో ఆడింది, ఎవరి మీద ఎన్ని గెలిచింది, ఎవరి చేతిలో ఎన్ని తిన్నది, ఆ చిట్టా అన్నమాట. ఫుట్‌బాల్ అంటే మన ఫుట్‌బాల్ కాదండోయ్. హెల్మెట్లు పెట్టుకుని, కోడిగుడ్డు లాంటి బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తే ఆట. డెట్రాయిట్ చుట్టుపక్కల, ఆ నోవై, కాంటన్ వైపు, కార్ల కంపెనీల పుణ్యమా అని మనవాళ్లు బోలెడు మంది ఉన్నారు. వాళ్లకి ఈ గోల కొత్త కాదు. ఇండియాలో చూసేవాళ్ల కోసం అక్కడక్కడా ఆగి చెప్తుంటాను.

ఈ పుస్తకం చదవడం తేలికే. మూడు అంకెలు ఉంటాయి. మొదటిది గెలుపు, రెండోది ఓటమి, మూడోది టై. 1996 నుంచి ఓవర్‌టైమ్ పెట్టి తేల్చేస్తున్నారు కాబట్టి ఆ మూడో అంకె ఇక పెరగదు. ఎక్కడైనా 6 టైలు కనిపించాయంటే అవి మన తాతల కాలం నాటివో, నాన్నల కాలం నాటివో.

చాలామంది ఈ పుస్తకంలో నేరుగా టోటల్ దగ్గరికి వెళ్తారు. అక్కడ ఘనత ఉంది, కాదనను. కాలేజీ ఫుట్‌బాల్‌లో వెయ్యి గెలుపులు ముందుగా పూర్తి చేసింది మిషిగనే. 2023 నవంబర్ 18న మేరీల్యాండ్ మీద 31-24తో. హెడ్ కోచ్ జిమ్ హార్బా సస్పెన్షన్‌లో ఉన్నాడు, కనీసం గ్రౌండ్‌లో కూడా లేడు. అయినా నన్నడిగితే ఆ వెయ్యి అనే అంకె ఈ పుస్తకంలో అన్నిటికన్నా చప్పగా ఉండే పేజీ. ఎందుకంటే ఆ వెయ్యిలో ఏం కలిశాయో చూడాలిగా.

1901 సంవత్సరం తీయండి. కోచ్ ఫీల్డింగ్ యోస్ట్, మిషిగన్‌లో అతనికి అదే మొదటి ఏడాది. 11 మ్యాచ్‌లు ఆడారు, 11 గెలిచారు. ఆ సీజన్ మొత్తం మీద మిషిగన్ కొట్టిన పాయింట్లు 550. ఎదుటివాళ్లు కొట్టినవి? సున్నా. మళ్లీ చెప్తున్నా, సున్నా. బఫెలో మీద 128-0. అప్పట్లో టచ్‌డౌన్‌కి, అంటే బంతిని ఎదుటివాళ్ల చివరి గీత దాటిస్తే, ఇప్పట్లా 6 కాదు, 5 పాయింట్లే. అది గుర్తుపెట్టుకుని ఆ 128 చూడండి. చివరి మ్యాచ్ 1902 జనవరి 1న, కాలిఫోర్నియాలోని పాసడీనాలో, స్టాన్‌ఫోర్డ్‌తో. అదే మొట్టమొదటి రోజ్ బౌల్, అంటే అక్కడి కొత్త సంవత్సరం పూల పండగలో ఆడే మ్యాచ్. స్కోరు 49-0 అయ్యాక, ఇంకా 8 నిమిషాల ఆట ఉండగానే స్టాన్‌ఫోర్డ్ వాళ్లు చాలు బాబోయ్ అని చేతులెత్తేశారు. ఆ దెబ్బకి పండగ నిర్వాహకులు 1916 దాకా ఫుట్‌బాల్ జోలికే పోలేదు. దాని బదులు రథాల పందేలు కూడా పెట్టించారు. నిజంగా రథాలే, గుర్రాలు కట్టి.

ఇప్పుడు చెప్పండి, ఆ 128-0 కూడా ఒక గెలుపే, 2023లో చెమటోడ్చి తెచ్చుకున్న 31-24 కూడా ఒక గెలుపే. టోటల్‌లో రెండిటికీ ఒకే విలువ. అందుకే నేను టోటల్ మూసేసి, ఒక్కో ప్రత్యర్థి పేరు మీద వేలు పెట్టి చదువుతాను. వన్డే ప్రపంచకప్‌లలో పాకిస్తాన్ మీద మనం 8-0 అని ఎవరినడిగినా చెప్తారు. మొత్తం వన్డేల్లో మనవి ఎన్ని గెలుపులో అడగండి, నీళ్లు నములుతారు.

సరే, ఒహాయో పేజీకి వద్దాం. అసలు సరుకంతా ఇక్కడే.

ఈ రెండు రాష్ట్రాల గొడవ ఫుట్‌బాల్ కంటే పాతది. 1835లో టొలీడో అనే ఊరు చుట్టూ ఉన్న భూమి మాదంటే మాదని రెండు పక్కలా మనుషుల్ని తీసుకుని సరిహద్దుకి వచ్చారు. ఇప్పటికీ దాన్ని టొలీడో యుద్ధం అంటారు గానీ, మన లెక్కలో అది పొలం గట్టు తగాదా, కాకపోతే రాష్ట్రం సైజులో. చివరికి టొలీడో ఒహాయోకి పోయింది. మిషిగన్‌కి బదులుగా ఉత్తరాన ఉన్న అడవుల ద్వీపకల్పం ఇచ్చారు. ఆ రోజుల్లో ఏడ్చారు గానీ, తర్వాత అక్కడ రాగి, ఇనుము బయటపడ్డాయి.

మొదటి మ్యాచ్ 1897లో. మిషిగన్ 34-0. ఆ తర్వాత 1902లో 86-0. ఇలా 1918 దాకా ఈ రెండూ 15 సార్లు తలపడితే మిషిగన్ 13 గెలిచింది, రెండు టై. ఒహాయోకి ఒక్కటంటే ఒక్క గెలుపు లేదు. వాళ్లు మొదటిసారి గెలిచింది 1919లో, 13-3.

ఇప్పుడు నాతో పాటు ఒక తీసివేత చేయండి. 62లోంచి ఆ పాత 13 తీసేస్తే 49. ఒహాయోవి 51 అలాగే ఉన్నాయి. అంటే 1919 నుంచి చూస్తే ముందున్నది ఒహాయో! నూట పాతికేళ్లుగా మేమే ఎక్కువ గెలిచాం అని మిషిగన్ వాళ్లు మీసం తిప్పేదంతా ముత్తాతల ఆస్తి మీద. నేను ఉండేది మిషిగన్‌లో, పిల్లలు వేసుకునేది నీలం, పసుపు చొక్కాలు. అయినా లెక్క లెక్కే.

అందులోనూ 2001 నుంచి 2019 దాకా చూస్తే కడుపు తరుక్కుపోతుంది. 19 మ్యాచ్‌లలో మిషిగన్ గెలిచింది రెండే, 2003లో ఒకటి, 2011లో ఒకటి. 2020లో కోవిడ్ వల్ల ఆట రద్దయింది. 2021 నుంచి మాత్రం వరుసగా నాలుగు కొట్టారు. నాలుగోది 2024లో, కొలంబస్‌లో, వాళ్ల ఇంట్లోనే, 13-10. ఆ ఏడాది ఒహాయో చివరికి జాతీయ ఛాంపియన్ అయింది, అయినా ఈ ఒక్క మ్యాచ్ ఓడినందుకు వాళ్ల ఫ్యాన్స్‌కి అన్నం దిగలేదు.

ఇక ఆ పోయిన మ్యాచ్. 2010లో ఒహాయో 37-7తో గెలిచింది. తర్వాత బయటపడిందేమిటంటే, కొందరు ఆటగాళ్లు తమ జెర్సీలు, బహుమతులు ఇచ్చి టాటూలు వేయించుకున్నారు, డబ్బులు తీసుకున్నారు. అప్పటి రూల్స్ ప్రకారం అది నేరం. కోచ్ జిమ్ ట్రెసెల్ రాజీనామా చేశాడు, ఆ సీజన్ గెలుపులన్నీ పుస్తకంలోంచి కొట్టేశారు. కానీ ఇక్కడొక తమాషా ఉంది. కొట్టేసిన గెలుపు ఎదుటివాడికి రాదు. ఎదుటివాడి ఓటమి కూడా చెరిగిపోదు. అంటే ఆ మ్యాచ్‌లో మిషిగన్ ఓడింది, కానీ ఎవరూ గెలవలేదు. మా ఆవిడ బ్యాంకులో పనిచేస్తుంది. ఇది చెప్తే, ఒకరి ఖాతాలో డెబిట్ పడి ఇంకొకరి ఖాతాలో క్రెడిట్ పడకపోతే మా దగ్గర రాత్రి పదింటిదాకా ఇంటికి పంపరు అంది.

1950 నవంబర్ 25 గురించి చెప్పకపోతే ఈ పేజీ చదివినట్టే కాదు. పుస్తకంలో 9-3 అని ఉంటుంది, అంతే. చూస్తే ఏముందనిపిస్తుంది. ఆ రోజు కొలంబస్‌లో మంచు తుఫాను. గీతలు కనబడవు, బంతి చేతిలో నిలవదు. అయినా యాభై వేల మంది వచ్చి కూర్చున్నారు. ఈ ఆటలో నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరిగితే దాన్ని ఫస్ట్ డౌన్ అంటారు, కనీస మార్కుల లాంటిది. మిషిగన్ ఆ మ్యాచ్ మొత్తంలో ఒక్క ఫస్ట్ డౌన్ కూడా చేయలేదు. తొమ్మిది పాస్‌లు విసిరితే ఒక్కటీ అందలేదు. మరి గెలుపెలా? బంతి మన దగ్గర ఉంటేనే ప్రమాదం అని రెండు టీమ్‌లూ దొరికినప్పుడల్లా కాలితో తన్ని దూరంగా పంపడమే పని. దాన్ని పంట్ అంటారు. రెండూ కలిపి 45 పంట్లు. అందులో ఒహాయో తన్నబోయిన రెండిటిని మిషిగన్ అడ్డుకుంది. ఒకదానికి 2 పాయింట్లు. ఇంకొకటి ఒహాయో ఎండ్ జోన్‌లో, అంటే వాళ్ల చివరి గీత అవతల, పడితే టోనీ మామ్సెన్ దాని మీద పడుకున్నాడు, టచ్‌డౌన్. అతని సొంత అన్నదమ్ముడు బాబ్ అదే మ్యాచ్‌లో ఒహాయో వైపు ఆడుతున్నాడు. ఆ ఓటమి తర్వాత ఒహాయో కోచ్ వెళ్లిపోయాడు. అతని స్థానంలో వచ్చినవాడే వుడీ హేస్.

ఈ హేస్ మిషిగన్ పేరు కూడా నోటితో అనేవాడు కాదు. ఉత్తరాన ఉన్న ఆ టీమ్ అనేవాడు. పాతకాలం ఆడవాళ్లు మొగుడి పేరు చెప్పకుండా "మా ఇంట్లో ఆయన" అన్నట్టు. కాకపోతే అక్కడ గౌరవం, ఇక్కడ ఒళ్లుమంట. అతని కిందే ఆడి, అతని దగ్గరే అసిస్టెంట్‌గా పనిచేసిన బో షెంబెక్లర్ 1969లో మిషిగన్ కోచ్‌గా వచ్చి, ఆ ఏడే గురువుని 24-12తో ఓడించాడు. 1978 దాకా పదేళ్లు ఇద్దరూ ఎదురుపడ్డారు. లెక్క 5-4-1, ఒక్కటే తేడా, శిష్యుడికి అనుకూలంగా.

ఇప్పటికీ ఈ మ్యాచ్ వారంలో ఒహాయో క్యాంపస్‌లో బోర్డుల మీద ఎం అక్షరం కనిపిస్తే చాలు, దాని మీద ఎర్ర ఇంటూ మార్క్ అతికిస్తారు. నా అనుభవం చెప్పనా? ఇక్కడికొచ్చిన మొదటి ఏడాది, సేల్‌లో చవగ్గా వచ్చిందని ఎర్రటి జాకెట్ కొన్నాను. అది ఒహాయో రంగని నాకేం తెలుసు. నవంబర్ చివరి శనివారం దాన్ని వేసుకుని పాల కోసం షాపుకెళ్లాను. బిల్లు కొట్టే పెద్దాయన నన్ను కింద నుంచి పైదాకా చూసి, రసీదు చేతికివ్వకుండా కౌంటర్ మీద పెట్టాడు. ఆరు డిగ్రీల చలి, అయినా బయటికొచ్చాక జాకెట్ విప్పి చేతిలో పట్టుకుని నడిచాను.

మిన్నెసోటా పేజీ ఏకపక్షం. మిషిగన్‌వి 75కి పైగా, వాళ్లవి 25. కానీ దీని వెనక ఒక జాడీ ఉంది. ఆవకాయ పెట్టుకునే జాడీ లాంటిదే, ఐదు గ్యాలన్లది. 1903లో మినియాపొలిస్ వెళ్లినప్పుడు, వాళ్లిచ్చే నీళ్లలో ఏం కలుపుతారోనని కోచ్ యోస్ట్‌కి అనుమానం. మేనేజర్ కుర్రాడిని పంపి 30 సెంట్లకి జాడీ కొనిపించాడు. మ్యాచ్ 6-6 టై, జనం గ్రౌండ్‌లోకి దూసుకొచ్చారు, ఆ హడావుడిలో జాడీ మర్చిపోయి వచ్చేశారు. మిన్నెసోటా వాళ్లు దాని మీద స్కోరు రాయించి పెట్టుకున్నారు. తమ 6 పెద్దగా, మిషిగన్ 6 చిన్నగా! తిరిగి ఇమ్మంటే, గెలిచి పట్టుకెళ్లండి అన్నారు. 1909లో గెలిచి తెచ్చుకున్నారు. ఇప్పటికీ ఆ రెండు టీమ్‌లు ఆడితే గెలిచినవాళ్లు ఎత్తుకెళ్లేది ఆ జాడీనే, ప్రతి స్కోరూ దాని ఒంటి మీద రాసి ఉంటుంది.

నోటర్ డేమ్‌ది ఇంకో కథ. 1887 నవంబర్‌లో మిషిగన్ కుర్రాళ్లు వాళ్ల ఊరెళ్లి, ముందు ఆట ఎలా ఆడాలో నేర్పించి, తర్వాత 8-0తో ఓడించి వచ్చారు. వరుసగా ఎనిమిది సార్లు గెలిచారు. 1909లో 11-3తో ఓడారు, గురువుకే పంగనామాలు. మరుసటి ఏడాది, మీ టీమ్‌లో కొందరికి ఆడే అర్హత లేదంటూ మిషిగన్ మ్యాచ్ రద్దు చేసింది. మళ్లీ కలిసి ఆడింది 1942లో. కారణం నిజమే కావచ్చు, కానీ ఓడిన మరుసటి ఏడే గుర్తుకు రావడం మాత్రం నాకు మింగుడుపడదు.

మిషిగన్ స్టేట్ అంటే అదే రాష్ట్రంలో ఉన్న ఇంకో యూనివర్సిటీ. ఆ పేజీలో ఒక్కటే చూపిస్తా. 2015 అక్టోబర్ 17. మిషిగన్ 23-21తో ముందుంది, మిగిలింది 10 సెకన్లు. బంతిని తన్నేస్తే అయిపోయింది. వెనక్కి వచ్చిన బంతి పంటర్ చేతుల్లోంచి జారింది. ఎదుటివాడు దాన్ని అందుకుని 38 గజాలు పరిగెత్తాడు. 27-23. ఆ పరిగెత్తిన కుర్రాడి మీద సంబరంగా సొంత టీమంతా పడేసరికి అతని తుంటి ఎముక విరిగింది. గెలిపించినవాడు ఆస్పత్రికి.

ఇక అందరూ ఎదురుచూసే పేజీ, అపలాచియన్ స్టేట్. రికార్డు 1-1. 2007 సెప్టెంబర్ 1న ఐదో ర్యాంకులో ఉన్న మిషిగన్, లక్ష మంది పైగా ఉన్న సొంత స్టేడియంలో, కింది డివిజన్ టీమ్ చేతిలో 34-32తో ఓడింది. ఆఖరి కిక్‌ని వాళ్లు అడ్డుకున్నారు. 2014లో మళ్లీ పిలిచి 52-14తో కొట్టారు. ఆ రెండోది ఎవరికైనా గుర్తుందా? నాక్కూడా పుస్తకం చూస్తేనే తెలిసింది.

రేటింగ్ అడుగుతారని తెలుసు. ఐదుకి నాలుగున్నర. ఆ అర మార్కు కార్నెల్ దగ్గర కోశాను. మనవాళ్లు ఎంఎస్‌కి అప్లై చేసే ఆ కార్నెలే. పాతకాలంలో తూర్పు కాలేజీలే ఈ ఆటకి మొనగాళ్లు. వాళ్లతో మిషిగన్ రికార్డు 6 గెలుపులు, 12 ఓటములు. చివరిసారి 1952లో ఆడారు. కార్నెల్ ఉన్న ఐవీ లీగ్ ఇప్పుడు కింది డివిజన్‌లో, తన లోకంలో తనుంది. ఆ బాకీ అలాగే ఉంది.