చేయించి చూడాలి: ఆరోగ్య సిబ్బంది డిజిటల్ నైపుణ్యాల కొలత

అందరికీ నమస్కారం. నర్సింగ్ కాలేజీల టీచర్లు, పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్లు, సీహెచ్‌వోలు (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లు), ఏఎన్ఎం సిస్టర్స్ అంతా ఒకే హాల్లో కలవడం అరుదు. అందుకే నేరుగా విషయంలోకి వెళ్తాను.

మన సిబ్బందిలో ఎవరికి డిజిటల్ పని ఎంత వచ్చో తెలుసుకోవడానికి మామూలుగా ఏం చేస్తాం? ఒక గూగుల్ ఫారం తయారుచేసి వాట్సాప్ గ్రూపులో పెడతాం. "ట్యాబ్ వాడటం మీకు ఎంత బాగా వచ్చు? ఒకటి నుంచి ఐదు లోపు మార్కు వేసుకోండి" అంటాం. చాలామంది నాలుగో ఐదో వేసుకుంటారు. సగటు తీసి రిపోర్టు పంపేస్తాం. ఈ పద్ధతి మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది.

మొదటి సంగతి, ఫోన్లో ఫారం నింపడం కష్టమైనవాళ్లు ఆ ఫారం నింపరు. మనం ఎవరి కోసం సర్వే చేస్తున్నామో వాళ్లే లెక్కలో లేకుండా పోతారు. మిగిలినవాళ్ల సగటు బాగానే ఉంటుంది, జిల్లా అంతా బాగానే ఉందనుకుంటాం.

రెండోది ఇంకా లోతైనది. ఈ రంగంలో ఎక్కువగా వాడే ప్రశ్నావళి ఈ-హీల్స్. కెనడాకు చెందిన నార్మన్, స్కిన్నర్ 2006లో దాన్ని తయారుచేశారు. ఎనిమిది ప్రశ్నలు, మార్కులు 8 నుంచి 40 వరకు. మంచి సాధనమే, కాదనను. కానీ ఇంటర్నెట్‌లో ఆరోగ్య సమాచారం వెతుక్కునే మామూలు జనం కోసం చేసింది అది. పైగా అది కొలిచేది మనిషికి తన మీద ఉన్న నమ్మకాన్ని. దాన్నే నర్సులకూ డాక్టర్లకూ ఇచ్చి "నైపుణ్యం ఇంత" అని తేల్చేస్తే ఎలా? థీసిస్‌లలో క్రోన్‌బాక్ ఆల్ఫా అనే గణాంక కొలత 0.9 వచ్చిందని రాసి ప్రశ్నావళి నిగ్గు తేలిందనుకుంటారు. ప్రశ్నలు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయని మాత్రమే ఆల్ఫా చెబుతుంది. అవి పనితనాన్ని పట్టుకుంటున్నాయో లేదో చెప్పదు.

సీపీఆర్ వచ్చా అని మనం స్టూడెంట్‌ని అడిగి ఊరుకోం కదా. బొమ్మ దగ్గర మోకాళ్ల మీద కూర్చోబెట్టి చేయించి చూస్తాం. వైద్యవిద్య నిపుణుడు జార్జ్ మిల్లర్ 1990లోనే నాలుగు మెట్లు చెప్పారు: తెలుసు, ఎలా చేయాలో తెలుసు, చేసి చూపగలరు, రోజువారీ పనిలో చేస్తున్నారు. రొనాల్డ్ హార్డెన్ 1975లో స్కాట్లాండ్‌లోని డండీలో మొదలుపెట్టిన ఓఎస్‌సీఈ పరీక్షలు, అంటే ఒక్కో పనికి ఒక్కో స్టేషన్ పెట్టి చేయించి చూసేవి, మన కాలేజీలకూ వచ్చాయి. కడుపు పరీక్షకు స్టేషన్ పెడతాం, ఇంజెక్షన్‌కు స్టేషన్ పెడతాం. డిజిటల్ పని దగ్గరికి వచ్చేసరికి మాత్రం కింది మెట్టు మీదే ఆగిపోయాం.

ఒక స్టేషన్ ఎలా ఉండాలో చెబుతాను. ఛాతీ నొప్పితో పేషెంటు వచ్చాడు, ఈసీజీ తీశారు. దాన్ని పెద్దాసుపత్రిలో ఉన్న కార్డియాలజిస్టుకి ఫోన్లో పంపాలి. మనలో చాలామంది తరచుగా చేసే పనే ఇది. ఇప్పుడు పక్కన నిలబడి చూడండి. కాగితం చదునుగా పరిచారా, మడత మీదే ఫోటో తీశారా? చేతి నీడ పడిందా? పన్నెండు లీడ్లూ వచ్చాయా? కాగితం వేగం సెకనుకు 25 మిల్లీమీటర్లు అన్న గుర్తు కనిపిస్తోందా? వయసు, నొప్పి ఎప్పుడు మొదలైంది, బీపీ ఎంత, ఇవి రాశారా? పేషెంటు పేరుతో సహా నూటయాభై మంది ఉన్న గ్రూపులో పెట్టేశారా, ఆ డాక్టరు ఒక్కరికే పంపారా? అన్నిటికంటే ముఖ్యం, పంపాక ఫోన్ చేసి "సార్, చూశారా?" అని అడిగారా? అవతల ఎవరూ తెరవకపోతే ఎంత చక్కటి ఫోటో అయినా గుండె కండరాన్ని కాపాడదు. ఇందులో ఏ ఒక్క అంశమూ "మీకు స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చా" అన్న ప్రశ్నలో దొరకదు.

ఇంకో స్టేషన్ ఆభా, అంటే పేషెంటు డిజిటల్ ఆరోగ్య ఖాతా. పద్నాలుగు అంకెల నంబరు. ఆధార్‌తో చేయాలంటే ఓటీపీ కావాలి.

"పెద్దమ్మా, ఓటీపీ వచ్చిందా?"

"మా వాడి ఫోన్‌కి పోతదమ్మా. వాడు హైదరాబాద్‌లో ఉన్నడు గదా."

ఇక్కడ ఏం చేస్తారు? కొడుక్కి ఫోన్ చేసి ఓటీపీ చెప్పించుకుంటారు. తర్వాత పంపుదామని పెద్దమ్మను కూర్చోబెడతారు. లేదా సిస్టర్ తన సొంత నంబరే ఇచ్చేస్తారు. వేలిముద్రతోనో ముఖం స్కాన్ చేసో కూడా చేయవచ్చని ఎందరికి తెలుసు? అసలు ఆభా స్వచ్ఛందమని, అది లేదని వైద్యం ఆపకూడదని ఎందరు ధైర్యంగా చెబుతారు? నేనైతే ఈ స్టేషన్‌లో నంబరు పుట్టిందా లేదా అన్నదానికి తక్కువ మార్కులే పెడతాను. ముందు పెద్దమ్మ బీపీ చూసి మందు ఇచ్చినవారికి ఎక్కువ పెడతాను.

టెలీకన్సల్టేషన్ సంగతి త్వరగా చెప్పి వదిలేస్తాను. ప్రభుత్వ టెలీమెడిసిన్ సేవ ఈ-సంజీవని హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లలో 2019 నవంబరులో దేశంలోనే ముందుగా ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. టెలీమెడిసిన్ మార్గదర్శకాలు 2020 మార్చి 25న వచ్చాయి. సీహెచ్‌వో పేషెంటు పక్కన కూర్చుని నాలుగు వాక్యాల్లో కేసు చెప్పగలగాలి. అవతలి డాక్టరు తానెవరో చెప్పి, పేషెంటు ఎవరో నిర్ధారించుకుని మాట్లాడాలి. కెమెరా ఆన్ చేయడం ఇందులో చిన్న భాగం.

మనం అస్సలు కొలవనిది ఇంకోటుంది. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగింది. ఓపీ, అడ్మిషన్లు, ల్యాబ్ అన్నీ చాలా రోజులు కాగితం మీద నడిపారు. మన దగ్గర అంత పెద్ద దాడి అక్కర్లేదు, కరెంటు పోయినా అదే పరిస్థితి. సిస్టమ్ పడిపోయినప్పుడు ఏ కాగితం మీద ఏం రాయాలి, తిరిగి వచ్చాక తప్పు లేకుండా ఎలా ఎక్కించాలి అన్నది కూడా నైపుణ్యమే. బ్రిటన్‌లో హెల్త్ ఎడ్యుకేషన్ ఇంగ్లండ్ 2018లో ఇచ్చిన డిజిటల్ సామర్థ్యాల చట్రంలో భద్రతకూ, ఉద్యోగి క్షేమానికీ ఒక విభాగమే కేటాయించారు. మనవాళ్ల చెక్‌లిస్టులోనూ అది ఉండాలి. ఒకే పాస్‌వర్డ్‌తో వార్డంతా లాగిన్ అవుతుంటే, రేపు డోసు తప్పు పడినప్పుడు ఎక్కించింది ఎవరో ఎలా తెలుస్తుంది?

కొన్ని సంగతులకు పరీక్ష కూడా అక్కర్లేదు, మన దగ్గరున్న డేటానే చెబుతుంది. బీపీ కాలమ్ తెరిచి చివరి అంకెలు చూడండి. డిజిటల్ మిషన్‌తో చూస్తే సున్నాతో ముగిసేవి దాదాపు పదిలో ఒకటి ఉండాలి. చేత్తో చూసే మిషన్ అయితే సరిసంఖ్యలే చదువుతాం కాబట్టి ఐదులో ఒకటి. కాలమ్ నిండా 120/80, 130/80, 140/90 కనిపిస్తే ఆ రీడింగులు మిషన్ నుంచి నేరుగా రాలేదన్నమాట.

అయితే ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఆ రీడింగులు ఎక్కించిన సిస్టర్‌కి పని రాదని రాసేయడం తేలిక. పాడేరు వైపు, ఉట్నూరు వైపు సిగ్నల్ లేని గూడేల్లో తిరిగి, ముందు రిజిస్టర్‌లో రాసుకుని, రాత్రి ఇంటికొచ్చి పిల్లలకు అన్నం పెట్టి, అప్పుడు ట్యాబ్ తెరిచి ఎక్కిస్తున్న మనిషి వేళ్ల నుంచి గుండ్రటి అంకెలే వస్తాయి. అదే సమాచారం మూడు యాప్‌లలో అడుగుతుంటే మరీను. కాబట్టి ప్రతి స్టేషన్‌లో మార్కుల పక్కన ఇంకో గడి పెట్టండి: ఆగింది ఎక్కడ? మనిషి దగ్గరా, యాప్ దగ్గరా, నెట్‌వర్క్ దగ్గరా, టైమ్ దగ్గరా? మనిషి దగ్గర ఆగితే ట్రైనింగ్ ఇవ్వాలి. మిగతా మూడింటికి ట్రైనింగ్ పెడితే సిస్టర్‌కి ఇంకో రోజు పోతుంది తప్ప ఏం మారదు.

అందుకే ఈ మార్కులను ట్రాన్స్‌ఫర్లకు, ఇంక్రిమెంట్లకు, మెమోలకు ముడిపెట్టొద్దని అధికారులను గట్టిగా కోరుతున్నాను. ముడిపెట్టిన రోజు నుంచి టెన్షన్ మొదలవుతుంది, ఇంట్లో డిగ్రీ చదివే అమ్మాయి కూర్చుని ఎంట్రీలు పూర్తిచేస్తుంది, మనకు చక్కటి అంకెలు వస్తాయి. వ్యక్తి మార్కు ఆ వ్యక్తికీ ట్రైనర్‌కీ మాత్రమే తెలియాలి. పైకి వెళ్లేది ఆ చివరి గడిలో ఏం తేలిందన్నదే: ఈ మండలంలో ఇంతమంది ఈ స్క్రీన్ దగ్గర ఆగిపోయారు అని. యాప్ చేసినవాళ్లకు కూడా అదే కాగితం పంపాలి.

ఒకసారి కొలిచి వదిలేస్తే లాభం లేదు. ట్రైనింగ్ అయిన రోజు సాయంత్రం అందరికీ అన్నీ వస్తాయి. మూడు నెలలు ఆగి, సిస్టర్ సెంటర్‌కే వెళ్లి, ఆమె ట్యాబ్ మీదే, నిజంగా క్యూలో పేషెంట్లున్న పూట పక్కన కూర్చుని చూడాలి. మిల్లర్ చెప్పిన నాలుగో మెట్టు అదే. ఈ ఏడాది ఒక్కో పీహెచ్‌సీలో ఇద్దరితో, ఈసీజీ, ఆభా స్టేషన్లతో మొదలుపెడదామని నా ప్రతిపాదన. మెడికల్ ఆఫీసర్లు కూడా అవే స్టేషన్లలో నిలబడాలి, ముందు వాళ్లే.